చెనక్కాయల చీర, కదలని ఫోకస్

కెమెరా ఫోకస్ పట్టకపోతే నన్నడగండి అని హిందూపురం నుంచి అగళి దాకా చెప్పుకు తిరిగే మనిషిని నేను. మొన్న దసరా నాడు ధర్మవరంలో నా పరువు ఎట్లా పోయిందో, పోయి మళ్ళీ ఎట్లా వచ్చిందో వినండి. పూర్తిగా వచ్చిందని చెప్పలేను.

మీకు తెలిసిందే, పట్టుచీరల ఫొటోలు తీయడం నా పని. లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా కొని ఎనిమిదేళ్ళయింది. చుట్టుపక్కల ఎవరి కెమెరా మొరాయించినా ముందు నాకే ఫోన్ వస్తుంది. గొప్ప చెప్పుకోవడం కాదు. సరే, గొప్పే. చెప్పుకుంటున్నాను.

ఆ పొద్దున హిందూపురంలో రైలెక్కాను. పెనుకొండ దగ్గర ఫోన్ మోగింది. అగళిలో పెళ్ళి ఫొటోలు తీసే మంజునాథ.

"అక్కా, ఆటోఫోకస్ పనిచేయకుండా ఉండాది. లెన్సు కదల్లేదు."

"లెన్సు పక్కన స్విచ్ చూసినావాప్పా? ఏఎఫ్‌లో ఉండాదా, చేత్తో తిప్పే ఎంఎఫ్‌లో ఉండాదా?"

"ఏఎఫ్‌లోనే ఉండాది."

"అయితే లెన్సు విప్పు. వెనకాల బంగారు చుక్కలుంటాయి చూడు. కెమెరా, లెన్సు మాట్లాడుకునేది వాటి ద్వారానే. మురికి పట్టింటాది. మెత్తని గుడ్డతో తుడువు."

రైలుపెట్టెలో అందరికీ వినపడేట్టే చెప్పాను. ఎదుటి సీట్లో పెద్దమ్మ ఒకామె, "నువ్వు డాక్టరమ్మవా?" అని అడిగింది. కాదని చెప్పడానికి మనసు రాలేదు.

ధర్మవరంలో నేరుగా ఓబులేసన్న ఇంటికి పోయాను. ఇన్నేళ్ళుగా ఆయన, ఆయన భార్య రంగమ్మ షావుకార్లు ఇచ్చిన డిజైన్లే నేశారు. ఈసారి మొదటిసారి సొంత డిజైన్. రంగమ్మే గీసింది. అంచు పొడవునా చెనక్కాయ చెట్లు, పైన చిన్న ఆకులు, కింద జరీతో కాయల గుత్తులు. నల్లమాడలో చెనక్కాయ పండించే వాళ్ళ ఇంటి పెళ్ళికూతురికి. మంచిరోజు కదా, పన్నెండు గంటలకు వచ్చి చీర తీసుకుపోతామన్నారు.

"చీర పోయినాక మా దగ్గర ఏమీ మిగల్దు లలితమ్మా," అన్నాడు ఓబులేసన్న. "రేపు ఎవరన్నా వచ్చి మీ సొంత డిజైన్ యాడుందప్పా అంటే నీ ఫొటోనే చూపియ్యాల. ఫోన్‌తో తీస్తే జరీ అంతా తెల్లగా మెరుస్తాండాది, కాయలే కనపడల్లేదు."

"నేనొచ్చినాను కదన్నా," అన్నాను. నా గొంతులో ఆ ధీమా ఇప్పటికీ నాకు వినపడుతుంది.

చీర పరిచాం. కెమెరా కంటికి పెట్టి బటన్ సగం నొక్కాను. చప్పుడు లేదు. ఫోకస్ పట్టిందని చూపే ఆకుపచ్చ పెట్టె స్క్రీన్ మీద రాలేదు. మళ్ళీ నొక్కాను. లెన్సు మూగనోము పట్టింది.

స్విచ్ చూశాను, ఏఎఫ్. మరీ దగ్గరగా ఉన్నానేమోనని వెనక్కి జరిగాను. నున్నటి పట్టు మీద ఫోకస్‌కు పట్టు దొరకదేమోనని జరీ గీతకు గురిపెట్టాను. వెలుతురు చాలలేదేమోనని తలుపులన్నీ తీయించాను. బ్యాటరీ మార్చాను. సెట్టింగ్స్ అన్నీ చెరిపేసి మొదటికి తెచ్చాను. అప్పుడు స్క్రీన్ మీద ఒక మాట వచ్చింది, లెన్సు కాంటాక్టులు శుభ్రం చేయండి అని.

నాకు ఒళ్ళు మండింది. ముందురోజే అంగుళం వదలకుండా తుడిచాను. ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్నదాన్ని, నాకు ఈ కెమెరా చెప్పేదేంది? ఆఫ్ చేసి ఆన్ చేశాను. ఆ మాట పోయింది. ఫోకస్ మాత్రం రాలేదు.

చేత్తో తిప్పి తీద్దామనుకుంటే కళ్ళద్దాలు హిందూపురంలో మరిచి వచ్చాను. ఆరు ఫొటోలు తీసి పెద్దవి చేసి చూస్తే ఒక్క దాంట్లోనూ కాయ కాయలాగా లేదు. పదకొండున్నర దాటింది. రంగమ్మ వాకిట్లోకి ఒకసారి, నా మొహంలోకి ఒకసారి చూస్తోంది. నాకు నిజంగా భయమేసింది.

అంతలో మంజునాథ ఫోన్.

"సరిపోయిందక్కా. చెమట మరక. నువ్వు చెప్పినట్లే తుడిచినా."

నేను గొంతు తగ్గించి, "నాకు తెలిసినామె కెమెరా ఒకటి ఇట్లాగే ఉండాదప్పా," అన్నాను.

"లెన్సు విప్పి చూసినాదా?"

"ఆమెకు అన్నీ తెలుసులేప్పా."

"తెలిసినోళ్ళే చూడరక్కా," అన్నాడు, అమాయకంగా.

ఫోన్ పెట్టేసి లెన్సు విప్పాను. రంగమ్మ తొంగి చూసింది.

"ఇదేందక్కా, లోపల పసుపు ఉండాది?"

పసుపు ఒక్కటే కాదు, కుంకుమ కూడా. ముందురోజు మా ఇంట్లో ఆయుధపూజ. అన్నీ తుడిచి దేవుడి ముందు పెట్టాక నాకొక ఆలోచన వచ్చింది. ఇంటికి గడప ఎట్లాగో, కెమెరాకు లెన్సు బిగించే చోటు అట్లాగ. గడపకు పసుపు పూసి బొట్లు పెడతాం, దీనికెందుకు పెట్టకూడదు? అద్దానికి తగలకుండా, అగరుబత్తి పుల్లతో, చుట్టూ పసుపు పూసి వరసగా బొట్లు పెట్టాను. సరిగ్గా ఒక్కో బంగారు చుక్క మీద ఒక్కో బొట్టు. చెయ్యి ఎంత కుదురో చూడండి. పెట్టిన బొట్టు చెరపకూడదని అట్లాగే బిగించేశాను.

చెప్పక తప్పలేదు. ఓబులేసన్న నవ్వు కనపడకుండా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. రంగమ్మ పెట్టుకోలేదు.

"మేమూ నిన్న మగ్గానికి బొట్టు పెట్టినాం అక్కా," అంది. "కట్టెకు పెడతాం గానీ, దారానికి పెడతామా?"

ఎనిమిదేళ్ళలో నాకు ఇంత తేలికగా కెమెరా పాఠం చెప్పినవాళ్ళు లేరు.

అయినా పండగపూట బొట్టు తుడవాలంటే చెయ్యి రాలేదు. రంగమ్మే కుంకుమ భరిణె తెచ్చి, కెమెరా నెత్తిన కొత్త బొట్టు పెట్టి, "ఇంక లోపలిది తుడువక్కా," అంది. చుక్క చుక్కా తుడిచాను. లెన్సు బిగించాను. పనిచేస్తుందో లేదో చూద్దామని, పరిచిన చీర కొంగు చేత్తో పట్టుకుని ఇంకా నవ్వుతూనే ఉన్న రంగమ్మ వైపు తిప్పి నొక్కాను. టిక్కుమంది. ఆ చిన్న చప్పుడు విని నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తర్వాత నల్లమాడ వాళ్ళ కారు వీధి మలుపు తిరిగేలోపు చీర పొడవు, అంచు, కొంగు, అన్నీ తీసేశాను. ఒక్కటి కూడా చెడిపోలేదు.

ఆ పరిచిన చీర ఫొటోలు ఎంత అందంగా వచ్చాయో. ఓబులేసన్న మాత్రం టెస్టుకు తీసిన ఫొటోనే పెద్దది చేయించి గోడకు పెట్టాడు. రంగమ్మ చేతిలో చెనక్కాయల కొంగు, మొహం నిండా నవ్వు. కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళూ, "ఈయమ్మ ఎందుకట్లా నవ్వుతాండాది?" అని అడుగుతారంట. రంగమ్మ నా రైలు ప్రయాణం దగ్గర్నుంచి మొదలుపెట్టి పసుపు దాకా చెబుతుందంట. వాళ్ళు నవ్వి, కూర్చుని, అదే చీర కావాలని చెప్పి పోతున్నారంట. ఇప్పటికి మూడు పెళ్ళిళ్ళకు ఆ డిజైన్ నేస్తున్నారు. అంటే నా తెలివి మూడు పెళ్ళిళ్ళ ఇళ్ళకు చేరిందన్నమాట.

నిన్న నేను పక్కనే కూర్చుని ఉండగా కూడా చెప్పింది, ఏమాత్రం మొహమాటం లేకుండా. నేనూ ఊరుకోలేదు. వచ్చినవాళ్ళతో, "అంతా నిజమేనమ్మా, ఆ తెలివితక్కువది నేనే. అయితే ఆ ఫోకస్ ఒకసారి దగ్గరికొచ్చి చూడండి," అన్నాను.