ప్రసంగ వేదిక మీద నా రక్తపరీక్ష

మట్టల ఆదివారం: నా రక్తపరీక్ష సంగతిని అమీర్‌పేటలోని మా ప్రార్థన మందిరంలో, నన్ను అడగకుండా, వేదిక మీద నుంచి చెప్పారు.

ఈస్టరు తరువాతి ఆదివారం: సవరించమని నేనిచ్చిన కాగితాన్ని బైబిలులో పెట్టుకున్నారు, చదవలేదు.

మరో ఆరు వారాలకు, పెంతెకొస్తు ఆదివారం: మళ్ళీ అడిగితే అందరి ముందూ నవ్వారు.

మూడూ మా పాస్టరుగారు చేసినవే. మొదటిదాని ఫలితం ఇప్పుడు ఒక ఆడపిల్ల ప్రాణం మీదికి వచ్చింది కనుక, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా భర్తకు హెచ్‌ఐవి ఉండేది. ఆ సంగతి మాకు తెలిసేసరికి మా కాపురంలో ఏళ్ళు గడిచిపోయాయి. ఆయన పోయారు. నాకు ఎన్నిసార్లు పరీక్ష చేసినా లేదనే వచ్చింది. ఇలా భర్తకు ఉన్నా తమకు సోకనివారి మీద పంజాగుట్టలో పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ నా రక్తం తీసుకుంది. వైరస్ మన రక్షణ కణంలోకి దూరాలంటే కణం మీద ఒక తలుపు వంటిది ఉండాలనీ, కొందరికి పుట్టుకతోనే అది ఉండదనీ, మరికొందరిలో వైరస్ సోకిన కణాలను చంపే కణాలు ముందే చురుకుగా ఉంటాయనీ వివరించింది.

"మీలో ఏది పనిచేసిందో ఇంకా తేలలేదమ్మా. ఉత్త అదృష్టమే కావచ్చు. ఒకటి మాత్రం ఖాయం, ఇది ఇంకొకరికి ఇచ్చేది కాదు," అంది.

ప్రార్థనకు ఇంటికి వచ్చిన పాస్టరుగారికి ఈ మాటలే చెప్పాను. మట్టల ఆదివారం, దేవుడు చేసిన మేళ్ళు చెప్పుకునే సాక్ష్యాల వేళ ఆయన నోట అవి "మన సహోదరి రక్తానికి ప్రభువు కంచె వేశాడు" అని మారాయి. మందిరమంతా స్తోత్రం అంది. అప్పటి నుంచి ఆడవాళ్ళు, జబ్బు తగ్గాలని రాసుకునే ప్రార్థన నూనె సీసాలను పాస్టరుగారి బల్ల మీద కాక నా కుర్చీ పక్కన పెట్టసాగారు.

కృష్ణానగర్‌లో సినిమావాళ్ళ దుస్తులు కుట్టే అమ్మాయి ఒకనాడు నన్ను మెట్ల దగ్గర ఆపింది.

"అమ్మా, జర ఈ నూనె మీద చెయ్యి పెట్టుండ్రి. మా ఆయనకు సుత గదే బీమారి."

"మందులు వేసుకుంటున్నాడా?"

"బంద్ చేసిండు. మందుల్లేకుంటనే మీకేం గాలే గద! రోజూ నూనె రాసుకుంటున్నం."

"నువ్వు పరీక్ష చేయించుకున్నావా?"

"నాకెందుకమ్మా? మస్తుగున్న."

మందులు మానకుండా వాడి, రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గిన భర్త నుంచి భార్యకు సోకదు. ఆ రక్షణను వాళ్ళు నన్ను చూసి వదులుకున్నారు. సీసా తిరిగి ఆమె చేతిలో పెట్టి, మరునాడే ఇద్దరినీ పంజాగుట్ట తీసుకువెళ్ళాను. అతను మందులు మళ్ళీ మొదలుపెట్టాడు. ఆమెకు మొదటి పరీక్షలో లేదని వచ్చింది. కొత్తగా సోకి ఉంటే అప్పుడే బయటపడకపోవచ్చనీ, మళ్ళీ చేయాలనీ డాక్టరమ్మ చెప్పింది. అప్పటి నుంచి ఆ పిల్ల మందిరానికి రావడం లేదు.

ఇదంతా పెంతెకొస్తు నాడు పాస్టరుగారికి చెప్పాను.

"ఏంటి అమ్మగారూ, మీ కాగితాలకు మందిరంలో ఇంకో బీరువా కొనాలేమో! విశ్వాసానికి కూడా రసీదు అడుగుతారా?" అన్నారు. సంఘ పెద్దలు పకపకా నవ్వారు. అప్పటికి నా కుర్చీ పక్కన ఇంకా సీసాలున్నాయి. వాటిని పెట్టినవారిలో ఇంకెవరు మందులు మానేశారో నాకు తెలియదు.

కావున సంఘ కమిటీవారిని కోరుతున్నాను. నా రక్తం గురించి చెప్పినది తప్పనీ, నూనె ఈ జబ్బుకు మందు కాదనీ, మందులు మానినవారు వెంటనే డాక్టరును కలవాలనీ అదే వేదిక మీద నుంచి, సాక్ష్యాల వేళే చదవాలి. ఆ అమ్మాయి రెండో పరీక్ష వచ్చే బుధవారం. ఆ లోపు వచ్చే ఆదివారమే చదువుతారో లేదో, చదవకపోతే కారణమేమిటో, సంతకాలతో నాకు రాతపూర్వకంగా జవాబివ్వవలెను.