పడుకుని చూసిన ఇల్లు

మా చిన్నప్పుడు... మట్టెవాడలో మా ఇంటి వెనక గల్లీలో ఒక పాత పెంకుటిల్లు ఉండేది. రెండు గదులు, ముందు చిన్న అరుగు, పెరట్లో బావి. అందులో మనుషులు కాదు, మిరపకాయల బస్తాలు కాపురం ఉండేవి. ఆ అరుగు ముందు నుంచి నడిస్తే చాలు... తుమ్ములు.

ఆ ఇల్లు మా అమ్మ కొన్నది.

అవి ప్రపంచ యుద్ధం రోజులు. దీపాల్లో పోసే గ్యాసునూనెకు కూడా వరుసలో నిలబడేవాళ్లం. బట్టకు కరువొచ్చి, మా బాపు గుమాస్తాగా ఉన్న బట్టల దుకాణం మూతపడింది. నలుగురు పిల్లలం... నేను పెద్దదాన్ని, తొమ్మిదేళ్లుంటాయేమో. చివరివాడు ఇంకా తొట్టెలలో ఊగే పసివాడు. అమ్మ తన మెడలోని బంగారు గుండ్లపేరు అమ్మి ఆ ఇల్లు కొన్నది. దాన్ని అద్దెకిచ్చి, మా అందరి కడుపులు నింపాలని.

ఊరికే కొనలేదు. జోరుగా వాన పడుతున్న రోజు గొంగడి కప్పుకుని వెళ్లి గోడలు తడిమి చూసింది. ఆ బావి నీళ్లు తెచ్చి పప్పు ఉడుకుతుందో లేదో చూసింది. ఎండాకాలంలో బావి అడుగంటుతుందా అని పక్కింటి ఆడవాళ్లను అడిగింది. అన్నీ సరిపోయాయి... ఘాటు ఒక్కటే మిగిలింది. అందుకే చవకగా వచ్చింది.

మా మేనమామ, అమ్మకు తమ్ముడు, మా అరుగు మీద కూర్చుని గల్లీ అంతా వినబడేలా అడిగేవాడు.

"అక్కా, నువ్వు ఇల్లు కొన్నవా, తుమ్ములు కొన్నవా?"

"రెండూ కొన్న. తుమ్ములు నీకిస్త, తీస్కపో," అనేది అమ్మ, చేతిలో పని ఆపకుండా.

గోడల గచ్చు గీకించి సున్నం వేయించింది. నేల తవ్వించి, కొత్త మట్టి మెత్తి, పేడతో అలికింది. చేతిలో ఉన్నది అక్కడికి అయిపోయింది.

అప్పుడు ఇద్దరు వచ్చారు ఇల్లు అడగడానికి.

ఒకరు మిరపకాయల సేటు. మళ్లీ బస్తాలకే కావాలన్నాడు, అద్దె ఎక్కువే ఇస్తానన్నాడు. ఇంకొకరు ధర్మసాగర్ నుంచి వచ్చిన ఎల్లమ్మ. మొగుడు బట్టల మిల్లులో కూలి. ఆమెకు నిండు నెలలు... ఎవరిదో అరుగు మీద తల దాచుకుంటున్నారు.

మామ ఊరుకోలేదు. "బస్తాలు ఏడ్వయి, బావిల నీళ్లు అడగయి. సేటుకియ్యక్కా. బావకు పని లేకపాయె... ఇంకేం జూస్తాన్నవ్?"

అమ్మ మా చంటి తమ్ముడిని చంకనేసుకుని, తొట్టెల కట్టే చీర భుజాన వేసుకుని ఆ ఇంటికి నడిచింది. వెనకాల నేను, మా వెనకాల ఎల్లమ్మ.

దూలానికి తొట్టెల కట్టి వాడిని పడుకోబెట్టింది. "ఈడ నా బిడ్డ పండుకుంటెనే, ఇంకొకల బిడ్డకు ఇస్త," అంది.

కాసేపటికే వాడు తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు. కళ్లు నలుపుకుంటూ ఏడుపందుకున్నాడు.

గుమ్మంలో నిలబడ్డ ఎల్లమ్మ ముఖం చిన్నబోయింది. "మాకు అలవాటేనమ్మా... మిరపకాయలు ఏరి ఏరి పెరిగినదాన్నే. ఇయ్యుండ్రి."

"నీకు అలవాటే బిడ్డా. నీ కడుపులున్నదానికి గాదు గద. జర ఆగు."

అమ్మ వాడిని నాకు అందించి, తొట్టెల కింద అలికిన నేల మీద వెల్లకిలా పడుకుంది. చాలాసేపు కదల్లేదు. నాకు భయం వేసింది.

"ఇటు రా. నా పక్కన పండుకొని మీదికి జూడు," అంది.

వాడిని ఎల్లమ్మ చేతుల్లో పెట్టి పడుకున్నాను. పెంకుల సందులోంచి ఎండ సన్నగా దిగుతోంది. ఆ వెలుగులో... ఎర్రటి నలుసులు. గాలి వీచినప్పుడల్లా వాసాల మీద నుంచి మెల్లగా రాలుతున్నాయి.

అన్నాళ్లూ అందరం నిలబడే చూశాం. గోడ చూశాం, నేల చూశాం. ఏళ్ల తరబడి లేచిన కారం దుమ్ము పైన కూర్చుని ఉంది.

మర్నాడు బాపు ఇంటి మీదికెక్కాడు. పెంకులన్నీ ఒక్కొక్కటిగా దింపాడు. నేనూ చెల్లెళ్లూ అందుకున్నాం. అమ్మ ముక్కుకు చెంగు కట్టుకుని తడిగుడ్డతో వాసాలు తుడిచింది... బకెట్లో నీళ్లు ఎర్రబడ్డాయి. గల్లీకి గల్లీ తుమ్మింది. "మీకు పిచ్చి లేసింది," అంటూనే మామ పంచె ఎగ్గట్టి నిచ్చెన పట్టుకున్నాడు. సేటు మళ్లీ వచ్చాడు. బస్తాలకు ఇయ్యనని చెప్పి పంపింది అమ్మ.

పెంకులు తిరిగి కప్పాక, అదే దూలానికి మళ్లీ తొట్టెల.

తమ్ముడు కాసేపు కాళ్లాడించాడు. పైకి చూశాడు... నిద్రపోయాడు. అమ్మ పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది. ఎండ గడప దాటి పోయినా వాడు లేవలేదు.

గుమ్మంలోంచి ఎల్లమ్మ గుసగుసగా అడిగింది. "పాలు ఎప్పుడు పొంగిచ్చుకోవాలె అమ్మా?"

"వీడు లేవంగనే," అంది అమ్మ.

ఎల్లమ్మ కూతురు ఆ ఇంట్లోనే పుట్టింది. ఆ దూలానికే తొట్టెల ఊగింది. ఆ పిల్ల బడికి పోయే వయసొచ్చినా వాళ్లు ఇల్లు మారలేదు. ఆ అద్దెతోనే మేం తిన్నాం, చదువుకున్నాం. తర్వాత అమ్మ ఇంకో ఇల్లు కొన్నది. అప్పటికి తొట్టెలలో పడుకునే పిల్లలు లేరు. చాప చంకన పెట్టుకుని, పడుకుని చూడటానికి తనే వెళ్లింది.

మా తమ్ముడు ఇప్పటికీ అంటుంటాడు... "పెద్దక్కా, ఆ ఇంటికి మొదటి ఇంజనీరును నేనే."

ఇప్పుడు బ్రోకరు తాళం తీస్తాడు. నిలబడి చూస్తారు, నిలబడే అడ్వాన్సు ఇస్తారు. కొందరు ఓనర్లు తాము అద్దెకిచ్చే గదిలో ఒక్క పూట కూడా నడుం వాల్చి ఉండరు. కొత్తగా ఇల్లు కొనేవాళ్లు, అద్దెకిచ్చేవాళ్లు నన్ను అడిగితే, దీపం ముందు అమ్మను తలుచుకుని ఒక్కటే చెబుతాను...

వెళ్లేటప్పుడు చాప తీసుకెళ్లండి.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇల్లు ఎలా చూసేవారో... గుర్తుంటే చెప్పండి. వినాలని ఉంది.