వెనక్కి వచ్చిన సంచి

మొన్న మ్యూజియంలో ఒక గాజు పెట్టె ముందు ఆగిపోయాను. పదిహేడో శతాబ్దపు ఇంగ్లండులో ఒక వర్తకుడి భార్య కుట్టి, ఉత్తరంతో పాటు మరో వర్తకుడి ఇంటికి పంపిన చిన్న పట్టు సంచి అది. ముందువైపు గులాబీలు, వెనకవైపు ఉత్త గుడ్డ.

చిన్నప్పుడు అమెరికాలో, కాపెల్ అనే ఊళ్లో మాకు కిరాణా కొట్టు ఉండేది. అక్కడే దూరాన మరో ఊరు శాన్ రామన్‌లో చీరల కొట్టు నడిపే సుశీల ఆంటీకి నాన్న పచ్చళ్లు పంపుతుంటే, నేను మామిడిపిందె కుట్టిన గుడ్డసంచిని, వంకర అక్షరాల ఉత్తరాన్ని ఆ పార్సిల్‌లో పెట్టాను. కొన్నాళ్లకు సంచి వెనక్కి వచ్చింది. మా కొట్లో నచ్చని సరుకే అలా వెనక్కి వచ్చేది.

"ఆంటీకి నచ్చలేదు. రిటర్న్ చేసేసింది" అని ఏడ్చాను.

అమ్మ నవ్వింది. "పిచ్చిదానా, ఒకరింటి గిన్నెను ఖాళీగా తిప్పి పంపుతామా? ఇదీ అంతే. తెరిచి చూడు."

లోపల బెల్లం గవ్వలు. పైన నా పిందెను పొడుస్తున్నట్టు ఆంటీ కుట్టిన చిలక.

ఊరుకుంటానా? చిలక వెనక పిల్లిని కుట్టి పంపాను. పిల్లి వెనక ఆవిడ కుక్కను కుట్టింది. అలా ఏళ్లపాటు ఆ సంచి తిరుగుతూనే ఉంది. నేను కాలేజీలో చేరిన ఏడు ఆంటీ ఫోన్ చేసింది.

"ఓడిపోయానే తల్లీ. ఇక సూది దిగే చోటు లేదు. సంచి నువ్వే ఉంచుకో."

గాజు వెనకున్న గులాబీలు నా పిందె కంటే వెయ్యి రెట్లు అందంగా ఉన్నాయి. అయినా నాకు గర్వంగా నవ్వొచ్చింది. పాపం, ఆ సంచికి ఎవరూ జవాబు కుట్టలేదు.