అవ్వ చూపు, బర్రె పాలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మాట పుట్టింది. ఎటు తిప్పినా ఓడిపోని మాట. ఏడో తరగతితోనే బడికి దండం పెట్టినదాన్ని, పెద్ద చదువుల సంగతి నాకు తెలియదు. అయితే అలాంటి మాటను ఎట్లా పట్టుకోవాలో మా తాతయ్య బర్రె కొట్టంలోనే నేర్పించాడు.

ఇబ్రహీంపట్నంలో అప్పుడు మాకు ఉన్నది ఒకటే బర్రె. ఈని రెండు నెలలు కాకముందే, ఎండలు ముదురుతున్న రోజుల్లో, పాలు తగ్గాయి. పక్కింటి అవ్వ రోజూ పాలు పిండే వేళకు గిన్నె పట్టుకొని మజ్జిగకు వచ్చేది. ఒంటరి మనిషి. పొద్దున వండుకున్న జొన్న గటక ఆ మజ్జిగతోనే తినేది. ఒకరోజు "అబ్బ, పొదుగు కుండ లెక్కుంది" అన్నది. అంతే, మా అమ్మకు కారణం దొరికింది. అవ్వ దిష్టి!

అవ్వ వచ్చిన రోజు పాలు తగ్గితే, చూశారా అనేది అమ్మ. అవ్వ రాని రోజు తగ్గితే, గోడ మీద నుంచి చూసి ఉంటుందనేది. అవ్వ ఎదురుగా కూర్చున్నా పాలు బాగా వస్తే, ఈ పూటకు జాలిపడి వదిలేసిందనేది. నా నోరు ఊరుకుంటుందా?

"అమ్మా, బర్రె నిన్ను తన్నినా అవ్వనే తన్నిపిచ్చిందంటవా?" అన్నాను. వీపు మీద ఒకటి పడింది.

కానీ అది నవ్వులాట కాదు. వాడకట్టులో అప్పటికే రెండు ఇళ్లవాళ్లు అవ్వ కనబడితే తలుపు దగ్గరికి వేస్తున్నారు. ఆ పేరు ఒకసారి గట్టిపడితే అవ్వకు గిన్నె పట్టుకొని పోవడానికి ఏ గడపా ఉండదు.

తాతయ్య అమ్మను కోప్పడలేదు. ఒక్కటే అడిగాడు. "ఏమైతే నీ మాట తప్పని ఒప్పుకుంటవు బిడ్డా?" ఏం జరిగినా నిజమయ్యే మాట, వాన పడితే పడుతది లేకుంటే పడది అన్నట్టేనని, దాన్ని నమ్మి విత్తనం పెట్టలేమని అన్నాడాయన.

తర్వాత ఒప్పందం చేశాడు. అవ్వ ఎనిమిది రోజులు యాచారంలో కూతురి దగ్గర ఉండాలి. అంత దూరం నుంచి చూపు తగలదని అమ్మే ఒప్పుకుంది. పాలు పెరిగితే తాతయ్యే అవ్వకు తలుపు మూస్తాడు. పెరగకపోతే ఆ మాట మళ్లీ రాకూడదు. తాతయ్య సంగతి చెప్పగానే అవ్వ బస్సెక్కింది. తాతయ్య ఓడిపోతే ఎట్లా అని నాకు ఒకటే భయం.

రోజూ పాలు ఎంత వచ్చాయో గోడ మీద బొగ్గుతో గీత గీశాను. మూడో రోజు గీత పొడుగైంది. అమ్మ ముఖం వెలిగింది, నేను తాతయ్య వైపు చూశాను. అవ్వ ఉన్నప్పుడు కూడా ఇట్లాంటి పూటలు ఉన్నాయని, ఒక్క పూటను చూసి ఎగరొద్దని తాతయ్య అన్నాడు. మిగతా ఐదు రోజులూ పొట్టి గీతలే పడ్డాయి.

"పోతా పోతా దిష్టి పెట్టి పోయిందేమో మామా" అన్నది అమ్మ.

"గా మాట ముందుగాల చెప్పాలె. ఆట అయినంక గీత జరపొద్దు బిడ్డా."

దయ్యాన్ని వెతికే ముందు దప్పికను చూడాలంటాడు మా తాతయ్య. చెరువు నీళ్లు వెనక్కిపోయి బర్రెకు ఒళ్లు చల్లబడేలా దొర్లడానికి చోటు లేకుండా పోయింది. తడిపిన గోనెసంచులు దాని మీద కప్పించాడు. నాలుగు రోజులకు పాలు పెరిగాయి. అంతటితో ఊరుకున్నాడా? నాది కూడా తప్పు కావచ్చు, చూద్దామని సంచులు తీసేయించాడు. పాలు మళ్లీ తగ్గాయి. బర్రెతో పరాచికాలేందని అమ్మ గొణిగింది గానీ, ఆ సాయంత్రం తానే సంచులు తడిపి కప్పింది.

అవ్వ ఊరికి తిరిగొచ్చినా మా ఇంటికి రాలేదు. అమ్మే పోయి పిలిచింది. మరునాడు అవ్వ గిన్నెతో వచ్చి, బర్రెకు వీపు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చుంది.

"కండ్లు ఇంట్లనే పెట్టొచ్చిన బిడ్డా. జర మజ్జిగ పొయ్యి."

నేను పకపకా నవ్వాను. నాతో ఇంకెవరూ నవ్వలేదు. అమ్మ చేతిలో మజ్జిగ చెంబు అట్లాగే ఆగిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్లు అవ్వ మా ఇంటికి వచ్చింది, అమ్మతో మాట్లాడింది, నన్ను ఆటపట్టించింది. బర్రె వైపు మాత్రం ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

ఇప్పటికీ ఎవరైనా ఇంకొకరి మీద గట్టిగా ఒక మాట అంటే, ఏం చూస్తే ఆ మాట తప్పంటవని నవ్వుతూనే అడుగుతాను. పెళ్లిళ్లలో కూడా అడుగుతాను, తిట్లు తింటాను. అయినా మాట పుట్టిన పూటే అడుగుతాను. తాతయ్య ఎనిమిది రోజుల్లో నిజం తేల్చాడు గానీ, అప్పటికే అవ్వ ముఖం గోడ వైపు తిరిగిపోయింది.