భర్త పేరు గడిలో సిస్టరమ్మ

మొన్న ఆదివారం సంతోష్‌నగర్‌లో మా సిస్టరమ్మ పోయారు. చర్చి నుంచి వచ్చి, కాసేపు నడుం వాలుస్తానన్నారట. మళ్లీ లేవలేదు.

పాతబస్తీలో మా ఆడవాళ్ల ఆసుపత్రికి ఆమె హెడ్ సిస్టర్. నేను ఓపీ చీటీలు రాసే గుమాస్తాను. ఉస్మాన్‌గంజ్ మిరప్పొడి లేనిదే ఆమెకు ముద్ద దిగేది కాదు. మాది గుంటూరు. నా డబ్బాలోది రుచి చూసి, "గుంటూరామె తెచ్చే కారం గిదా? కుంకుమ అనుకున్న" అని వెక్కిరించేవారు.

ఎనిమిదేళ్ల కిందట ఒక పొద్దున, బహదూర్‌పురా నుంచి బీడీలు చుట్టే ఇరవై ఏళ్ల అమ్మాయి తల్లితో వచ్చింది. ముందురోజు సాయంత్రం ఎవడో చెరిచాడని తల్లి నా చెవిలో చెప్పింది. "కడుపైతే నా బిడ్డ బతకదమ్మా" అంది. పోలీసు కాగితం తెస్తేనే చూస్తారని నేను రూలు చెప్పాను. వాళ్లు వెనక్కి తిరిగారు. సిగ్గుపడుతూ చెబుతున్నాను, నేను తర్వాతి చీటీ రాయడం మొదలుపెట్టాను.

ఈ సంగతి విని సిస్టరమ్మ మండిపడ్డారు. "కాగితం రేపొస్తది. కడుపు రాకుండ ఇచ్చే మందు మూడు దినాలు దాటితే పనిజెయ్యది. దిమాగ్ ఉందా నీకు?" గేటు దాకా పరుగెత్తి వాళ్లను వెనక్కి తెచ్చారు. ఎవడు, ఎక్కడ అని అడగలేదు. "ఎన్ని గంటలైంది బిడ్డా?" అని మాత్రం అడిగారు.

లేడీ డాక్టరు దెబ్బలు చూసి, కుటుంబ నియంత్రణ మాత్రలే రాశారు. రెండు వెంటనే, రెండు పన్నెండు గంటల తర్వాత. ఆ బీరువా తాళం నా దగ్గరే ఉండేది. రిజిస్టరులో భర్త పేరు లేకపోతే మాత్రలు ఇవ్వకూడదు. నా కలం ఆగిపోయింది.

"నా పేరు రాయి," అన్నారు.

"భర్త గడిలోనా సిస్టరమ్మా?"

"ఆఁ, గండ్లనే. అడిగినోళ్లకు నేను జవాబిస్త."

రాశాను. అమ్మాయి చేతిలో మాత్రలు పెట్టి, "కక్కుకుంటే మళ్ల రా. కేసు పెట్టుడు నీ ఇష్టం, డాక్టరమ్మ అన్నీ రాసిపెట్టింది" అన్నారు. తనిఖీలో ఆ గడి బయటపడి ఆమెకు మెమో వచ్చింది. "రానీ, ఏంది ఫికర్?" అన్నారంతే.

రెండు వారాలకు ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. వరసలో నిలబడి నా కిటికీ దాకా వచ్చి, చీటీ వద్దంది.

"సిస్టరమ్మకు చెప్పక్కా. ముట్టయిన."

వార్డులోకి పరుగెత్తాను. సిస్టరమ్మ దుప్పట్లు మడతపెడుతున్నారు. విని, "సరే, పో, నీ పని చూస్కో" అన్నారు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూశాను. మడతపెట్టిన దుప్పటి మళ్లీ విప్పుకుని, అందులో మొహం దాచుకుని నిలబడి ఉన్నారు.