ఆరని బల్ల

మొన్న ప్రొద్దుటూరులో ఒక పచారీ అంగడి ముందు గుగ్గిలం మూట విప్పుతుంటే, ఆ వాసన నా ముక్కు పట్టుకుని జమ్మలమడుగు పక్కనున్న మా అవ్వ పల్లె దాకా ఈడ్చుకుపోయింది. ఉగాది ముందు ఊరంతా ఓళిగలకు శనగబేడలు ఉడికే వాసన వస్తే, మా అవ్వ పెరట్లో మాత్రం అవిసెనూనెలో గుగ్గిలం కరిగే వాసన వచ్చేది. ఆ ఘాటుకు కాకులు దారి మళ్లి పులివెందుల మీదుగా పోయేవన్నది మా వీధిలో అందరూ ఒప్పుకున్న సంగతి. ఎర్రమట్టి, దీపపు మసి, పసుపు మెత్తగా నూరి ఆ నూనెలో కలిపి, పాతచీర పీలికతో అవ్వ ఒక్కసారి రుద్దిందంటే ఎండిన వేపచెక్క కూడా లేచి మీసం దువ్వుకునేది. తలుపులు, పీటలు, ఊయలబల్ల అన్నీ ఆమె చేతిలోనే మెరిసేవి. మా తాత బట్టతలకూ ఓ పూత వేసిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే.

అవి పార్టీల రోజులు. ఊళ్లో తూర్పువీధిది ఒక పార్టీ, పడమరవీధిది ఇంకోటి. ఎద్దుల కొమ్ముల రంగు నుంచి ఆడపిల్లల రిబ్బన్ల దాకా అన్నీ పార్టీని బట్టే. ఒక గొడవలో అవ్వ కొడుకు, అంటే మా మామ, పేరు ఇరుక్కోవడంతో ఊరొదిలి ప్రొద్దుటూరులో తలదాచుకున్నాడు. రెండు వీధుల పెద్దలూ రాజీపడితే తప్ప అతను ఇల్లు చేరలేడు. చివరికి ఉగాది ముందురోజు మాట్లాడుకోవడానికి ఒప్పుకున్నారు గానీ, ఒకరింటికి ఒకరు పోరు కదా, అందుకని ఇద్దరికీ వరసైన మా అవ్వ వాకిట్లో, ఒకే బల్ల మీద అన్నారు. ఆ బల్లకు అంగడి రంగు ఏది వేసినా ఏదో ఒక పార్టీది అయిపోతుంది. అందుకే అవ్వ ఏ జెండాలోనూ లేని పాతబెల్లం రంగు కాయడానికి కూర్చుంది.

కాస్తూ కాస్తూ అవిసెనూనె సీసా పక్కన పెట్టి ఆముదం కుండ ఎత్తింది. ఆముదం పోస్తే పూత ఆరదని ఆ పెరట్లో కోళ్లకు కూడా తెలుసు.

"అవ్వా, అది ఆముదం!" అన్నాను.

"కండ్లు కనపడలేదు లేమ్మే" అంది, మసకచీకట్లో సూదికి దారమెక్కించే మా అవ్వ.

పెద్దలిద్దరూ మల్లెపూవుల్లాంటి పంచెలు కట్టుకుని వచ్చారు.

"ఆరిందా వదినా?" అన్నాడు తూర్పువీధి పెద్దాయన.

"ఎప్పుడో ఆరిందప్పా. కూచ్చోండి."

చెరో కొసన కూర్చున్నారు. మజ్జిగ తాగారు. తాతల కాలంలో తప్పిపోయిన మేక దగ్గర మొదలుపెట్టి మాటకు మాట పెంచుకున్నారు. "ఇంగ మాటల్లేవు!" అంటూ తూర్పాయన లేవబోయాడు. పంచె పర్రుమంది. మెల్లగా కూలబడ్డాడు.

"ఏంది మామా, లేస్తాండావా?" అన్నాడు పడమరాయన.

"యాడ లేస్తాండా? నువ్వు లెయ్ అల్లుడా, చూస్తా."

అల్లుడు కదిలాడు. అదే చప్పుడు. ఊరంతా చూస్తుండగా పంచె బల్లకిచ్చి లేచిన నాయకుడికి ఇక ఏ ఎన్నికలోనూ సొంత పెళ్లాం ఓటు కూడా పడదు. ఇద్దరూ రాళ్లలా బిగుసుకున్నారు. అప్పుడు వచ్చింది మా అవ్వ, కిరసనాయిలు గిన్నె పట్టుకుని.

"రేపు నా కొడుకు ఇంటికొచ్చి ఓళిగ తింటాడా, తినడా? ఆ మాట చెప్పండి, పంచెలు ఊడదీస్తా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు తూర్పాయన పొట్ట కదిలింది, తర్వాత బల్లంతా కదిలింది. నవ్వి నవ్వి కండ్లు తుడుచుకుంటూ, "తింటాడులే అత్తా. వాని జోలికి మావోళ్లెవరూ రారు" అన్నాడు పడమరాయన. "మావోళ్లూ రారు. అతుక్కున్న చోట శానా మండతాంది వదినా, ముందు కిరసనాయిలు పొయ్యి" అన్నాడు తూర్పాయన. మరునాడు మొదటి బస్సులోనే మామ దిగాడు.

ఇప్పుడు అవ్వ లేదు, ఆ పొయ్యి లేదు. డబ్బా మూత తీసి పూస్తే మజ్జిగ తాగేలోపే ఆరిపోయే రంగులొచ్చాయి. బల్ల మాత్రం మామ వసారాలోనే ఉంది, ఎండాకాలం కూర్చుంటే ఇప్పటికీ కాస్త పట్టుకుంటుంది. పోయిన నెల రంగులేసే అతనొచ్చి, "గీకేసి కొత్తది పూస్తా సార్, జిగురంతా పోతాది" అన్నాడు.

మామ బల్లను అరచేత్తో నిమిరాడు.

"ఉండనీ అబ్బీ. నేను ఇల్లు చేరింది దాన్ని పట్టుకునే."