ముందు ఎదుటివాళ్ల మాట

మా మణికొండ అపార్ట్‌మెంటు సంపులోకి ట్యాంకరు నీళ్లు వదిలితే తడిసిన దుమ్ము వాసన గుప్పుమంటుంది. ఆ వాసనకు నాకు సుధాకర్ సార్ గుర్తొస్తారు. తొంభైల చివర, మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య అద్దాల భవనాలు లేస్తున్న రోజుల్లో ఆయన మాకు కంప్యూటర్ కోర్సు చెప్పేవారు. బోరబండ నుంచి వెళ్లిన తెలుగు మీడియం పిల్లను నేను. ఇంట్లో గయ్యాళిని, క్లాసులో నోరు విప్పితే ఒట్టు. "నాతోని కాదు సార్. ఇంగ్లీషు రాదు, నౌకరి ఎవరిస్తరు? మానేస్త," అని ఒకరోజు చెప్పేశాను. ఆయన వద్దనలేదు. "ఈ ఒక్క సమస్యా తేల్చి వెళ్లమ్మా. తర్వాత నీ ఇష్టం," అన్నారు.

ఆయన పాఠం చెప్పేది తక్కువ, సమస్య ఇచ్చి జట్లుగా దాని మీదికి తోలేది ఎక్కువ. ఆసారి ఇచ్చింది మా బస్తీ ట్యాంకరు దగ్గర బిందెల తగాదా. ఎవరికి ఎప్పుడు నీళ్లందాలో తేల్చే ప్రోగ్రాం రాయాలి. దానికి తోడు ఆయనదొక నియమం. సొంత అభిప్రాయం చెప్పేముందు, అంతకుముందు మాట్లాడినవాళ్ల మాట తిరిగి చెప్పాలి. వాళ్లు "అవును, అదే" అనేదాకా మన మాట ఎత్తకూడదు. ఈ నస ఏమిటని నాకు ఒళ్లు మండేది.

మా జట్టులో మాటకారి భీమవరం రవి. జనాన్ని అడిగి తెలుసుకోవడానికి మా బస్తీకి వెళ్లినప్పుడు, ముందొచ్చిన వాళ్లకు ముందు నీళ్లు అంటూ తన పథకం వివరించాడు. ఇళ్లలో పనిచేసే యాదమ్మ, "నేను పనికి పోయి వచ్చేసరికి ట్యాంకర్ పోతది బిడ్డా. ఇగ ముందెట్ల వస్త?" అంది. రవి మళ్లీ మొదటినుంచీ అందుకున్నాడు. నేను ఆపాను.

"ఆమె అడిగేది గది కాదు రవీ. పనికి పోయేటోళ్లు ముందు రాలేరంటుంది. గంతేనా అక్కా?"

"గదే బిడ్డా," అంది యాదమ్మ.

రవి నోటుబుక్కు తీసి, "అయితే నువ్వే అడుగు, నేను రాసుకుంటాను," అన్నాడు.

రాసిన ప్రోగ్రాం క్లాసులో వివరించే రోజున ఒక కంపెనీవాళ్లు చూడటానికి వచ్చారు. సార్ నన్నే లేపారు. తెలుగులోనే చెప్పాను. వాళ్లలో ఒకాయన ఇంగ్లీషులో ఏదో అడిగారు. సగమే అర్థమైంది. ఆ సగాన్నే వచ్చీరాని ఇంగ్లీషులో, మీరడిగేది ఇదేనా అని తిరిగి చెప్పాను. కాదని ఆయన మరోలా అడిగారు. మళ్లీ చెప్పాను. ఈసారి తలూపారు. అప్పుడు జవాబు చెప్పాను.

బయటికొచ్చాక సార్, "సమస్య తేలిందిగా. మరి?" అన్నారు.

"మానేస్తవా అని అడుగుతున్నరా సార్?"

"అవును, అదే."

"మాన సార్."

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆఫీసులో నా జట్టులోని పిల్లలంతా గడగడా మాట్లాడతారు. నా కోపం ఇప్పటికీ ముక్కు మీదే ఉంటుంది. అయినా ఎదుటివాళ్లు అవుననేదాకా నోరు మూసుకుని కూర్చుంటాను. ఇంగ్లీషు ఎలాగూ వచ్చేది. ఈ ఓపిక మాత్రం ఆయన పెట్టిన భిక్షే.